పక్కగది యోరున్

జనవరి 12

సెలవులు అయిపోయాయి. మళ్లీ అదే బడి హాస్టల్ కారిడార్, అదే ఇరుకు గది, అదే పక్కగది యోరున్.

నేను వచ్చేసరికి నా తలుపుకి ఊలు మేజోళ్లు వేలాడుతున్నాయి. యోరున్ సెలవుల్లో కూర్చుని కారిడార్‌లో అందరికీ అల్లిందట. నావి ఎర్రవి. పాదానికి సరిగ్గా సరిపోయాయి. నా కొలత ఎవరిచ్చారో తెలియదు. అడగకుండా ఇలాంటివి చేసిపెట్టే మనుషులంటే నాకు మొదటినుంచీ అనుమానమే.

వేసుకోకూడదనుకున్నాను. నేల చల్లగా ఉంది, వేసుకున్నాను.

జనవరి 15

మా టీచర్ గున్వోర్ ఇవాళ క్లాసులో మళ్లీ ఆ అంకె సంగతి ఎత్తింది. మామూలు బడిలో చదువు సగంలో వదిలేసిన వాళ్లం, వయసు ముదిరాక ఈ పెద్దల బడిలో చేరాం. ఇక్కడ సబ్జెక్టుకో మార్కు ఉండదు. జూన్‌లో టీచర్లంతా తలుపేసుకుని కూర్చుని, ఒక్కొక్కరి పేరు చెప్పుకుని, మనిషికో అంకె వేస్తారు. ఒకటి నుంచి నాలుగు దాకా. ఎంత చదివింది, ఎంత పట్టుదల ఉంది, పదిమందితో ఎలా మెలుగుతుంది, అన్నీ కలిపి ఒకే అంకె. నాలుగు ఎవరికో గానీ దక్కదు.

నాకు నాలుగు కావాలి. మూడుతో ఉప్సాలా పశువైద్య కళాశాల వాళ్లు మొహం కూడా చూడరు. పదిహేడేళ్లప్పుడు నేను వదిలేసిన చదువు తాలూకు మార్కులు చూపిస్తే నవ్వుతారు. దేశం మొత్తానికి పెట్టే ప్రవేశపరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ చతికిలబడ్డాను. నాకు ఇరవయ్యేడేళ్లు. ఇన్నాళ్లూ పరాయి కొట్టాల్లో పాలు పితికాను. ఆఖరి యజమాని ఆవుల్ని అమ్మేశాక ఆ పనీ లేదు. నాకు మిగిలిన తలుపు ఈ ఒక్కటే.

"పదిమందితో మెలగడం అంటే మంచితనానికి కూడా మార్కులున్నాయన్నమాట" అన్నాడు రోలండ్. లారీ తోలి తోలి నడుం పోయి, యాభై దగ్గర పడ్డాక చదువుకొచ్చాడు. కారిడార్‌లో అందరం బాబాయ్ అంటాం. "అయితే నేను ఈ పూటనుంచే మంచివాణ్ణి. ఎవరికైనా కాఫీ కావాలా?"

క్లాసంతా నవ్వింది. యోరున్ కూడా నవ్వి, లేచి వెళ్లి నిజంగానే అందరికీ కాఫీ పోసింది. గున్వోర్ ఆమెవైపు ఎలా చూసిందో నేను చూశాను.

జనవరి 16

వంటగది స్టవ్ తుడిచాను. నా వంతు కాదు. గున్వోర్ అటువైపు రాలేదు.

జనవరి 22

గురువారం. బఠాణీ సూప్, పాన్‌కేకులు.

యోరున్ నా ఎదురుగా కూర్చుంది. పాన్‌కేక్ మీద జామ్ పూసుకుంటూ, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నేను కూడా ఉప్సాలాకే దరఖాస్తు పెడదామనుకుంటున్నానే. పశువైద్యానికి."

"నువ్వు చిన్నపిల్లల టీచర్ అవుతానన్నావు కదా."

"అదీ అనుకున్నా. నువ్వు ఆవుల గురించి చెబుతుంటే విన్నాక ఇక దాని మీద మనసు పోవట్లేదు. నాకీ ఆలోచన వచ్చిందే నీ వల్ల." నా చెయ్యి పట్టుకుంది. "మనిద్దరం కలిసి వెళితే ఎంత బావుంటుందో ఊహించుకో."

ఊహించుకున్నాను. మాలాంటి బడుల నుంచి వచ్చేవాళ్లకి అక్కడ విడిగా ఉంచేవి గుప్పెడు సీట్లు. వాటికోసం దేశమంతా మాలాంటివాళ్లే ఒకరితో ఒకరు పోటీపడతారు. అంటే ఇన్నాళ్లూ నా నోటితో నేనే నాకు పోటీని తయారుచేసుకున్నాను.

"చాలా బావుంటుంది" అన్నాను.

రాసుకోవడానికి సిగ్గెందుకు, నాకు అసూయ ఏమీ లేదు. ఎవరి దారి వాళ్లది.

ఫిబ్రవరి 3

యోరున్ బాబాయ్‌కి లెక్కలు నేర్పుతోంది. రోజూ సాయంత్రం, అందరికీ కనబడేలా, భోజనాల హాల్లో.

ఫిబ్రవరి 4

నేను కూడా బాబాయ్‌కి లెక్కలు నేర్పుతానని చెప్పాను. పొద్దున పూట.

ఫిబ్రవరి 11

బాబాయ్ నోరు జారాడు. "అమ్మాయ్, నువ్వు పొద్దున ఒక పద్ధతి చెబుతావు, అది సాయంత్రం ఇంకో పద్ధతి చెబుతుంది. టీచర్లు ఇద్దరున్నారు, బుర్ర ఒక్కటే ఉంది. ఏం చేయమంటావు?"

"ఎవరు చెప్పేది తేలిగ్గా ఉంది?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"నువ్వు తొందరగా చెబుతావు. అది నాకు అర్థమయ్యేదాకా ఆగుతుంది."

నవ్వాను. నవ్వీ నవ్వీ దవడలు నొప్పిపుట్టాయి.

ఫిబ్రవరి 19

బట్టలుతికే గదిలో నా వంతు రాసిపెట్టుకోవడం మర్చిపోయాను. యోరున్ తన వంతులో తన పేరు కొట్టేసి నా పేరు రాసింది. ఎవరైనా ఇంకొకరి వంతులో రెండు నిమిషాలు ఎక్కువ ఉంటే గోడకి కోపం చీటీ అంటించే దేశంలో, తన వంతు ఇచ్చేసే మనిషిని ఏమనాలి? నటన అనాలి. కానీ నటన కాదు. అదే నా బాధ.

మార్చి 5

ఇవాళ్టి సంగతి ఎవరికీ చెప్పకూడదు.

యోరున్ రెండు రోజులుగా క్లాసుకి రాలేదు. తలుపు కొడితే లోపలంతా చీకటి. కిటికీకి దుప్పటి కట్టుకుని, తల మీద తడిగుడ్డ వేసుకుని పడుకుంది. తలనొప్పి. పదిహేనేళ్ల వయసులో మొదలై రెండేళ్లు మంచం మీదే ఉంచిందట, అప్పుడే బడి మానేసింది. ఇప్పుడు మళ్లీ మొదలైంది.

"హిల్లేవీ, ఎవరితోనూ అనకే. ఈ మనిషి నిలబడలేదు అనుకుంటే మూడు కూడా వెయ్యరు. జలుబని చెప్పా గున్వోర్‌కి."

"నేనెందుకు చెబుతాను" అన్నాను. మంచినీళ్లిచ్చాను. దుప్పటి సరిచేశాను. నిజంగా జాలేసింది.

నా గదికి వచ్చాక పాట కూనిరాగం తీస్తున్నానని కాసేపటికి గానీ తెలియలేదు.

మార్చి 17

గున్వోర్‌తో నా మాటలవంతు. ఏడాదికి రెండుసార్లు ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి, కొవ్వొత్తి వెలిగించి, ఎలా సాగుతోందని అడుగుతుంది. నా రసాయనశాస్త్రం బాగుందంది. కొంచెం తొందరపాటు తగ్గించుకోమంది. తగ్గించుకుంటానని చెప్పాను.

"ఇంకేమైనా చెప్పాలనుందా?"

"నా గురించి కాదు" అన్నాను. "యోరున్ గురించి కొంచెం బెంగగా ఉంది."

ఆవిడ కలం కింద పెట్టింది.

"ఏమైంది?"

"చెప్పొద్దంది. కానీ మనసు ఊరుకోవట్లేదు. రోజుల తరబడి చీకట్లో పడుకుంటోంది. జలుబు కాదు. అంత పెద్ద చదువు ఈ పిల్ల తట్టుకోగలదా అని భయమేస్తోంది. ఐదున్నరేళ్లు కదా."

బెంగతోనే అన్నాను. బెంగగానే ఉంది. ఒక మనిషి పక్కగదిలో బాధపడుతుంటే చూసి ఊరుకోవడం ఏం మనిషితనం? ఎవరైనా నా స్థానంలో ఉంటే ఇదే చేస్తారు.

గున్వోర్ నా చేతి మీద చెయ్యి వేసి "నువ్వు చెప్పడం మంచిదైంది" అంది.

మంచిదే అయింది.

మార్చి 18

యోరున్‌ని గున్వోర్ పిలిపించింది. గంటసేపు. తిరిగొచ్చి తన గదిలోకి వెళ్లిపోయింది. మొహం కనబడలేదు.

మార్చి 20

ఇంకా నాతో మాట్లాడలేదు. ఆరోగ్యకేంద్రానికి వెళ్లిందట. నేను భోజనం ముందే చేసేసి హాల్లోంచి వచ్చేస్తున్నాను.

మార్చి 25

వాఫల్ పండుగ, ఊరంతా గళ్లగళ్ల తీపి అట్లు పోసుకునే రోజు. వంటగదంతా వెన్న వాసన. తప్పించుకోవడానికి దారిలేదు, మా కారిడార్‌లో ఉన్నది ఒకే వంటగది. యోరున్ వాఫల్ పెనం దగ్గర నిలబడింది. నన్ను చూసి గరిటె కింద పెట్టి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బావుండేది.

కావలించుకుంది.

"నువ్వే చెప్పావట కదా. నేనైతే చచ్చినా అడిగేదాన్ని కాదే. ఇప్పుడు డాక్టర్ కొత్త మందిచ్చింది. పాఠాలు రికార్డు చేసి ఇస్తామన్నారు, నొప్పి వచ్చినప్పుడు పడుకోడానికి చీకటి గది ఇస్తామన్నారు. రాని రోజులు లెక్కలోకి రావట. ఇన్నేళ్లలో నాకోసం నోరు తెరిచిన మొదటి మనిషివి నువ్వు."

"అయ్యో, దానిదేముంది" అన్నాను.

మొదటి వాఫల్ నాకే పెట్టింది. మీద మీగడ, అడవిపళ్ల జామ్. తిన్నాను. బాగుంది, అదొక్కటే తక్కువైంది.

ఏప్రిల్ 14

ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఉప్సాలాకి దరఖాస్తు పంపాం. ఆమె వేలు నా వేలుకంటే ముందు పడింది.

ఏప్రిల్ 22

కొత్త మందు బాగా పనిచేస్తోంది. చాలా బాగా పనిచేస్తోంది. యోరున్ ఇప్పుడు పొద్దున్నే లేస్తుంది, చెరువు చుట్టూ నడుస్తుంది, వచ్చి చదువుతుంది. జీవశాస్త్రం టీచర్ ఆమె రాసిన వ్యాసం క్లాసులో చదివి వినిపించింది. విషయం: పశువుల్లో నొప్పిని ఎలా గుర్తుపట్టాలి. నొప్పి గురించి ఆమెకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు అని అందరూ మెచ్చుకున్నారు.

నేను ఆ రోజు గున్వోర్ గదిలో నోరు మూసుకుని ఉంటే ఈ పాటికి ఆమె మంచం మీద ఉండేది. ఇలా రాయడం తప్పే. కానీ నిజం.

మే 9

పక్క ఊళ్లో ఆవుల్ని బయటికి వదిలే రోజు. చలికాలమంతా కొట్టంలో ఉన్న ఆవులు మొదటిసారి గడ్డి చూసి గంతులేస్తాయి, అది చూడటానికి పిల్లాజెల్లా వస్తారు. గున్వోర్ మా క్లాసునీ తీసుకెళ్లింది. ఇది నా రోజు అనుకున్నాను. మాలో కొట్టంలో పనిచేసింది నేనొక్కదాన్నే. ఏ ఆవు ముందు వస్తుందో, ఏది తోస్తుందో బాబాయ్‌కి, మిగతావాళ్లకీ చెబుతూ కంచె దగ్గర నిలబడ్డాను. గున్వోర్ కూడా వింటోంది.

మంద బయటికి దూకింది. అందులో ఒక ఎర్రావు మమ్మల్నందర్నీ దాటుకుంటూ నేరుగా యోరున్ దగ్గరికెళ్లి ఆమె చెంప నాకింది. జనం చప్పట్లు కొట్టారు. పత్రిక అతను ఫొటో తీశాడు.

మే 11

ఫొటో పత్రికలో వచ్చింది. కింద యోరున్ పేరు, "కాబోయే పశువైద్యురాలు" అని. పక్కన ఒక మోచెయ్యి ఉంది. అది నాది.

అమ్మ ఫోన్ చేసింది. "పత్రికలో మీ బడి ఫొటో చూశానే. ఆ పిల్ల ఎవరు, ముద్దుగా ఉంది."

జూన్ 4

అంకెలు చెప్పారు. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి.

నాకు నాలుగు.

ఆ అంకె విన్నాక కాసేపు గున్వోర్ మాటలేవీ చెవిన పడలేదు. తర్వాత పడింది ఒక్కటే. "చదువు విషయంలో మాకు ఎప్పుడూ సందేహం లేదు హిల్లేవీ. నలుగురిలో కాస్త దూరంగా ఉంటావేమో అనుకునేవాళ్లం. కానీ యోరున్ విషయంలో నువ్వు చూపించిన శ్రద్ధ చూశాక ఎవరూ ఇంకో మాట అనలేదు."

బయటికి రాగానే యోరున్ కారిడార్ చివర నిలబడి నాలుగు వేళ్లు చూపించింది. నాదనుకున్నాను. తనది.

ఇద్దరికీ నాలుగే.

జూలై 14

ఫలితాలు వచ్చాయి. సుండ్స్‌వాల్‌లో అమ్మ ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని చూశాను. అంకెలు సమానమైనచోట కంప్యూటర్‌తో చీటీ తీస్తారు. మా కోటాలో ఆఖరి సీటు దగ్గర అలాగే తీశారు.

నేను రిజర్వు. ఒకటో నంబరు.

"ఒకటో నంబరంటే వచ్చినట్టే కదే?" అంది అమ్మ.

"కాదమ్మా. సీటు వచ్చిన వాళ్లలో ఒకరు వద్దనాలి."

"ఎవరు వద్దంటారు?"

"ఎవరూ అనరు."

"వస్తానని జవాబివ్వాలి కదా నెలాఖరులోపు? మీ పిన్ని కూతురు అలాగే జవాబివ్వడం మర్చిపోయి సీటు పోగొట్టుకుంది. ఎవరో ఒకరు మర్చిపోతారులే. నువ్వు అన్నం తిను."

జూలై 15

యోరున్ ఫోన్ చేసింది. ఏదో పెట్రోల్ బంకులోంచి, వెనకాల కారు హారన్.

"హిల్లేవీ, వచ్చేసిందే నాకు. సీటు. ఇప్పుడే చూశా."

ఆ ఆఖరి సీటు ఎవరిదో అప్పుడు తెలిసింది.

"కంగ్రాట్స్" అన్నాను. గొంతు బాగానే వచ్చింది.

"ఒక్క సాయం చెయ్యవే. వస్తానని జవాబివ్వాలి, సైట్ ముందుకు కదలట్లేదు, అందరూ ఒకేసారి మీద పడ్డట్టున్నారు. నేను కొండ మీదికి పోతున్నా, పిన్ని వాళ్ల వేసవి పశువుల మకాంకి. ఆగస్టు దాకా పాలు పితకాలి, జున్ను చెయ్యాలి. అక్కడ సిగ్నలే ఉండదు. రెండ్రోజులాగి నువ్వే లోపలికెళ్లి నొక్కెయ్. పాస్‌వర్డ్ మా మేక పేరు, చెబుతా రాసుకో. ఇరవయ్యెనిమిది ఆఖరు. ఇంకెవరికైనా అయితే ఇవ్వను, నువ్వు కాబట్టి నిశ్చింత."

రాసుకున్నాను.

"నీ సంగతేంటి? వచ్చిందా?"

"రిజర్వు. ఒకటో నంబరు."

హారన్ మళ్లీ మోగింది. ఎవరో ఆమె పేరు పెట్టి అరిచారు. "అయ్యో, నేను..." అంది, కట్ అయింది.

జూలై 17

సైట్ ఇంకా రద్దీగానే ఉంటుంది. రేపు చూస్తాను.

జూలై 19

వృద్ధాశ్రమంలో వేసవి పని. పొద్దునంతా తీరిక లేదు. రేపు.

జూలై 20

వెళ్లాను. సైట్ బాగానే పనిచేస్తోంది. మేక పేరు కొట్టగానే తెరుచుకుంది. యోరున్ పూర్తి పేరు, కింద ఉప్సాలా, పశువైద్యం, దాని పక్కన రెండు బొత్తాలు. వస్తాను. రాను.

చాయ్ పొయ్యి మీద పెట్టి వచ్చానని గుర్తొచ్చి మూసేశాను.

జూలై 22

ఒక సంగతి ఎవరూ ఆలోచించడం లేదు. ఆమె ఆరోగ్యం. ఉప్సాలాలో చీకటి గది ఎవరిస్తారు? పాఠాలు రికార్డు చేసి ఎవరిస్తారు? మందు పనిచేసింది ఈ నాలుగు నెలలే. మళ్లీ మొదలైతే సగంలో వదిలేస్తుంది, జీవితంలో రెండోసారి. మొదటిసారే ఆ పిల్ల ఎంత నలిగిపోయిందో నాకు చెప్పింది. పైగా ఆమెకి ఈ చదువు మీద కోరిక పుట్టి ఎన్నాళ్లైంది? జనవరిలో, పాన్‌కేకుల దగ్గర. నాకు తొమ్మిదేళ్లప్పటినుంచి ఉంది. ఆమెకి ఇరవై నాలుగే, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పిల్లల టీచర్ అయినా అవుతుంది, అదీ బాగా అవుతుంది, ఏదైనా బాగానే అవుతుంది కదా తను.

ఆమె మంచికోసమే ఆలోచిస్తున్నాను.

చదివితే నాకే నవ్వొచ్చింది. కొట్టెయ్యను, ఉండనీ.

జూలై 24

అమ్మ నాకు వానకోటు కొనుక్కొచ్చింది. ఉప్సాలాలో వానలెక్కువట.

"రాలేదు కదమ్మా."

"వస్తుంది. నువ్వు ఎవరికీ చెడు చేసినదానివి కాదు."

ఒంట్లో బాగాలేదని వెళ్లి పడుకున్నాను.

జూలై 26

మళ్లీ లోపలికెళ్లాను. బొత్తం మీద వేలు పెట్టాను. నొక్కితే ఆవుల దగ్గర ఆమె, వృద్ధాశ్రమంలో నేను. బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, మళ్లీ వచ్చే ఏడాది మళ్లీ ఆ అంకె. లేదా అదీ లేదు.

ఆమె అడగకుండా ఉండాల్సింది. అడగడమే తప్పు. ఆకలితో ఉన్నవాళ్ల చేతికి కంచమిచ్చి పక్కవాళ్లకి అందించమనడం ఏం న్యాయం?

జూలై 27

రేపే ఆఖరు. రేపు నొక్కేస్తాను.

జూలై 28

మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లేటప్పుడు ఫోన్ ఇంట్లో మర్చిపోయాను.

జూలై 29

మర్చిపోలేదు. బల్ల మీద పెట్టి, పెట్టానని చూసుకుని, తలుపు వేసుకున్నాను.

గడువు అయిపోయింది. సైట్ పనిచేయలేదని చెబుతాను. నమ్ముతుంది. నేనేం చెప్పినా నమ్ముతుంది. "ఎంత ప్రయత్నించినా లోపలికి వెళ్లలేకపోయానే, నువ్వా ఫోన్ ఎత్తవు, ఏం చెయ్యాలో తోచలేదు." పనిచేస్తూ ఇదే సాధన చేశాను. ఒక ముసలావిడ విని "ఏంటమ్మా అంటున్నావు?" అంది.

జూలై 30

రెండో విడత ఫలితాలు. తెరిచాను.

రిజర్వు. ఒకటో నంబరు.

ఏదో పొరపాటనుకున్నాను. మళ్లీ చూశాను. తర్వాత మేక పేరు కొట్టాను. యోరున్ పేరు పక్కన పచ్చగా ఉంది. వస్తాను. ఇరవయ్యెనిమిదో తారీఖు సాయంత్రం ఇచ్చిన జవాబు.

నేను ఇవ్వలేదు. నేను ఇవ్వలేదని నాకు బాగా తెలుసు.

జూలై 31

ఫోన్ చేసింది. ఎత్తకూడదనుకున్నాను, ఎత్తాను.

"హిల్లేవీ, నా మీద కోపంగా ఉందా?"

"నీ మీదా? నాకెందుకు కోపం?"

"ఆ రోజు నీ రిజర్వు సంగతి విన్నాక కారులోనే ఏడుపొచ్చిందే. నీ చేతే నొక్కించుకోబోయాను, ఎంత మొద్దుని నేను. పైకెళ్లాక పాలు పితుకుతున్నా అదే ఆలోచన. వెంటనే దిగుదామంటే పిన్నికి ఒంట్లో బాలేదు, మందని వదిలి రావడానికి లేదు. ఆఖరి రోజు మావయ్య వచ్చాడు, ఆయనకి అప్పజెప్పి అడవిలోంచి నడుచుకుంటూ దిగా. సాయంత్రానికి ఊళ్లోకి చేరి, అంగడి వాళ్ల కంప్యూటర్‌లో చూశా. నువ్వు ఇంకా నొక్కలేదు."

నా గొంతులో సాధన చేసిన మాటలన్నీ ఉన్నాయి. సైట్, రద్దీ, ప్రయత్నం.

"యోరున్, నేను..."

"ఏం చెప్పొద్దే. నువ్వింకా నొక్కలేదని చూశాక ప్రాణం లేచొచ్చింది. ఆ పాపం నీ చేత చేయించకుండా దేవుడు కాపాడాడనుకున్నా. నేనే నొక్కా. నాకూ కావాలి హిల్లేవీ, అది మటుకు అబద్ధం చెప్పను. నీకోసం వదిలేద్దామా అని ఒక్కసారి అనుకున్నా, వదల్లేకపోయా. అందుకే అడుగుతున్నా, కోపంగా ఉందా అని."

"లేదు" అన్నాను.

"జున్ను పంపిస్తా" అంది.

ఆమెకి తెలుసా? పదమూడు రోజులు ఎదురుచూసి ఆఖరి సాయంత్రం చూస్తే బొత్తం అలాగే ఉంది. దానికి అర్థం చిన్నపిల్లకైనా తెలుస్తుంది. తెలిసే అలా మాట్లాడిందా, తెలియకనా? తెలియకపోతే ఆమె వెర్రిది. తెలిసుంటే, నేను జీవితంలో ఎప్పటికీ కాలేని మనిషి. ఏదైనా నాకు ఒళ్లు మండుతోంది.

ఆగస్టు 6

జున్ను వచ్చింది. అమ్మ తింది. నేను ముట్టుకోలేదు.

ఆగస్టు 13

ఏమీ లేదు రాయడానికి.

ఆగస్టు 20

ముసలావిడకి గంజి తాగిస్తున్నాను. ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఉప్సాలా.

మా కోటాలో సీటు వచ్చిన ఒకతను వెనక్కి తగ్గాడట. దేశానికి దక్షిణపు కొసన ఉండేవాడు, పెళ్లి కుదిరి డెన్మార్క్ పోతున్నాడట. రేపటిలోగా జవాబివ్వమన్నారు. రేపటిదాకా ఎందుకు, స్పూన్ పక్కన పెట్టి అక్కడే నిలబడి నొక్కేశాను. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు.

అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఆ ఏడుపు మంచిదే.

తర్వాత యోరున్‌కి చెప్పాలి కదా. చెప్పాను. ఆవిడగారు అరిచిన అరుపుకి ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

"నాకు తెలుసే, నాకు తెలుసే. ఉప్సాలాలో గదులు దొరక్క చస్తున్నారందరూ, నాకొకటి దొరికింది, చిన్నదే గానీ రెండు మంచాలు పడతాయి. రెండో మంచానికి ఇంకా ఎవరికీ మాటివ్వలేదు. నువ్వు వస్తావేమోనని."

"నా గురించి ఆగావా?"

"మరి ఇంకెవరి గురించి ఆగుతానే?"

కిటికీ పక్క మంచం నాకట. తలనొప్పికి తనకి గోడవైపే మంచిదట.

వద్దనడానికి ఒక్క కారణం కూడా దొరకలేదు. వేరే గది అసలు దొరకదు.

ఆగస్టు 29

రేపు రైలు. సామాను సర్దాను.

కావలసింది వచ్చింది. తొమ్మిదేళ్ల వయసు నుంచి కావాలనుకున్నది, ఎవరి దగ్గరా లాక్కోకుండానే వచ్చింది. లాక్కోబోయి చేతకాక, తర్వాత వచ్చింది. ఆ బొత్తం సంగతి ఆమెకి తెలుసా అని ఒక్కసారి అడిగేస్తే చాలు, గుండె మీద బరువు దిగుతుంది. అడగను. అడిగితే ఆమె నిజం చెబుతుంది. తెలుసు అంటే ఆ గదిలో ఒక్క పూట కూడా ఉండలేను. తెలియదు అంటే నేను చెప్పాల్సి వస్తుంది.

అందుకని ఐదున్నరేళ్లు పక్కపక్క మంచాల్లో పడుకుంటాం. పొద్దున్నే నాకంటే ముందు లేచి కాఫీ పెడుతుంది. నేను బావుందని చెప్పి తాగుతాను.